డ్యాం నిండితే సరా, మన చేను తడవొద్దా?



ఈసారి కూడా పొడుగ్గానే రాస్తున్నా, ఓపికతో చదవండి. పోయిన ఆదివారం నుంచి మన గ్రూపులో వాన మీద నడిచిన వాదన చూశాక ఊరుకోలేకపోయాను. ఒకరు బళ్లారి జిల్లాకు యెల్లో అలర్ట్ అని స్క్రీన్‌షాట్ పెట్టారు. దాని కింద ఇంకొకరు తుంగభద్ర డ్యాం గేట్ల నుంచి నీళ్లు దూకుతున్న వీడియో పెట్టి, "ఇంకేం భయం, ఈ ఏడు నీళ్లకు కొదవ లేదు" అన్నారు. కాసేపటికి మూడో ఆయన, "మా చేన్లో దుమ్ము లేస్తాంది, మీరంతా ఏ ఊరి వాన గురించి మాట్లాడుతున్నారప్పా?" అని అడిగాడు. అక్కడి నుంచి మాటామాటా పెరిగింది.

నన్నడిగితే ముగ్గురూ నిజమే చెప్పారు. కాకపోతే ముగ్గురూ మాట్లాడింది మూడు వేర్వేరు వానల గురించి. ఆ తేడా మనసులో పెట్టుకోకుండా సెప్టెంబర్ నెలలో విత్తనం మీద చెయ్యి వేస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ముందు ఆ సంగతి చెప్పి తర్వాత అసలు విషయానికి వస్తాను.

2023 గుర్తుందా? రాష్ట్రంలో 223 తాలూకాలను కరువు తాలూకాలుగా ప్రకటించిన ఏడాది. ఆ సెప్టెంబర్ చివర్లో ఒక సాయంత్రం మా చేన్లో ఒక జల్లు పడింది. మర్నాడు ఫోన్లో "రానున్న మూడు రోజులు బళ్లారి జిల్లాలో వానలు" అని కనబడింది. నేను దాన్ని గ్రూపులో పెట్టాను. పెట్టి ఊరుకోలేదు, "పదును అయింది, తెల్లజొన్న విత్తుకోవచ్చు" అని కింద రాశాను కూడా. నేను విత్తాను. నా మాట చూసి కౌలుకు చేసుకునే ఇద్దరు విత్తారు. మొలక వచ్చింది. తర్వాత వాన రాలేదు. మేఘం మా పొలాల మీదుగా పోయి అవతలి ఊరి మీద కురిసింది. పది రోజుల్లో మొలక వాలిపోయింది. నాకు సొంత భూమి, ఎట్లో తట్టుకున్నా. వాళ్లిద్దరూ కౌలు కట్టాలి, విత్తనాల అప్పు తీర్చాలి. అందులో ఒకాయన నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. "అన్నా, నీ ఫోన్లో వాన పడింది, నా చేన్లో పడలేదు" అన్నాడు, అంతే. ఆ మాట ఇప్పటికీ నాకు నిద్రలో వినబడుతుంది. అందుకే ఈ రాత.

ఇప్పుడు యెల్లో అలర్ట్ సంగతి చూద్దాం. వాతావరణ శాఖ వాళ్లు అబద్ధం చెప్పరు. వాళ్లు వాడే మాటలకు లెక్కలున్నాయి, ఆ లెక్కలు చూడకుండా మనమే చదువుకుంటున్నాం. "ఒకటి రెండు చోట్ల" అని రాశారంటే జిల్లాలో ఉన్న వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించి వాన పడదని అర్థం. అంటే నాలుగింట మూడు వంతుల చోట్ల పొడిగానే ఉండొచ్చని వాళ్లే చెబుతున్నారు. "కొన్ని చోట్ల" అంటే సగం లోపల. "చాలా చోట్ల" అంటే సగం పైన, ముప్పావు లోపల. అలాగే "మోస్తరు వాన" అంటే ఇరవై నాలుగు గంటల్లో 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్లు. కింది అంకె పడితే దుమ్ము అణుగుతుంది, పై అంకె పడితే వంకలు పారతాయి. రెండింటికీ ఒకే పేరు. ఇక పసుపు రంగు అంటే "గమనిస్తూ ఉండండి" అని మాత్రమే. విత్తండి అని గానీ, పారిపోండి అని గానీ అది చెప్పదు.

మనం చూసేది రంగు, "వాన" అన్న మాట. ఎన్ని చోట్ల అన్నది వదిలేస్తాం. మన నష్టమంతా అక్కడే ఉంది.

ఇప్పుడు నేను పైన చెప్పిన మూడు వానలు. కుడతినిలో కూర్చుని చూస్తే మన నీళ్లు మూడు ఆకాశాల నుంచి వస్తాయి.

మొదటిది మలెనాడు ఆకాశం. తుంగ, భద్ర రెండూ చిక్కమగళూరు కొండల్లో గంగామూలం దగ్గర పుట్టి, శివమొగ్గ దగ్గర కూడ్లిలో కలుస్తాయి. పడమటి కనుమల్లో జూన్, జూలై, ఆగస్టు నెలల్లో కురిసిన వానే హొసపేటె దగ్గర మన డ్యాంలోకి చేరుతుంది. ఆ నెలల్లో మన దగ్గర ఏముంటుంది? పడమటి గాలి హోరు, మబ్బుల పరుగు, నాలుగు తుంపర్లు. కనుమలు తడి అంతా అక్కడే పిండేసుకుని మన మీదికి ఉత్త గాలిని పంపిస్తాయి. అందుకే మన నెత్తిన చుక్క పడకుండానే డ్యాం నిండుతుంది. కాలువ కింద పొలం ఉన్నవాళ్లకు, కంప్లి, సిరుగుప్ప వైపు ఏటిగట్టున ఉన్నవాళ్లకు ఇది ముఖ్యమైన ఆకాశం. అనంతపురం వైపు ఎగువ కాలువ కింద, ఆదోని వైపు దిగువ కాలువ కింద ఉన్న మన చుట్టాలకూ ఇదే ఆకాశం.

రెండోది సండూరు కొండల ఆకాశం. మనకు దగ్గర్లో ఉన్న దరోజి చెరువు దీని మీదే ఆధారపడింది. మలెనాడులో ఎంత కురిసినా ఆ కొండల్లో గట్టి వానలు పడితేనే దరోజి కెరెకు కళ వస్తుంది. డ్యాం పొంగిన ఏడు దరోజి సగంలోనే ఉండిపోవచ్చు, దీనికి తలకిందులుగానూ జరగొచ్చు.

మూడోది మన సొంత ఆకాశం. కాలువ లేని నల్లరేగడి చేలకు ఇదొక్కటే దిక్కు. మన జిల్లాలో ఏడాది మొత్తం మీద ఎక్కువ వాన పడేది సెప్టెంబర్‌లో, దాని తర్వాత అక్టోబర్‌లో. జూలైలో తోసుకొచ్చే పడమటి గాలి ఈ నెలకు మెత్తబడుతుంది. మధ్యాహ్నం ఎండకు నేల కాగుతుంది, బంగాళాఖాతం వైపు నుంచి తడి వస్తుంది, సాయంత్రానికి మబ్బు కుప్పలా లేచి ఉరుముతుంది. ఇలాంటి మబ్బు పెద్దది కాదు. ఒక ఊరిని ముంచి పక్క ఊరిని వదిలేస్తుంది. రోడ్డుకు ఇటు తడి, అటు పొడి ఉండటం మనమందరం చూసిందే. జిల్లా మొత్తానికి చెప్పిన మాట మన చేనికి సరిపోకపోవడానికి కారణం ఇదే. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఈ నెల మబ్బు తీరే అంత.

ఈ మూడింటినీ విడదీసి చూస్తే ఈ ఏడాది పరిస్థితి వేరేగా కనబడుతుంది.

డ్యాం సంగతి తీసుకోండి. కట్టినప్పుడు దాదాపు 133 టీఎంసీలు పట్టేది. పూడిక చేరి చేరి ఇప్పుడు 105.788కి వచ్చింది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. గేటు నిపుణుడు కన్నయ్య నాయుడు గారి ఆధ్వర్యంలో వారం రోజుల్లో పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్‌లు దించి ఆపారు. ఎన్నో టీఎంసీలు కళ్ల ముందే పోయాయి, తర్వాత మలెనాడు వానల దయవల్ల సెప్టెంబర్‌కు మళ్లీ దాదాపు నిండింది. అప్పుడు మనమందరం ఊపిరి పీల్చుకున్నాం. కానీ మిగిలిన గేట్లూ అప్పటికి అదే వయసువి. అందుకే 2025లో 80 టీఎంసీల దగ్గరే నిల్వ ఆపాలని నిర్ణయించారు. గ్రూపులో పెట్టిన ఆ వీడియోలో దూకుతున్న నీళ్లు డ్యాం నిండి పొర్లినవి కావు, నిలపడానికి ధైర్యం లేక వదిలినవి. ఇంత మంచి వానలు పడిన ఏడాదిలో కూడా మన ఖాతాలో జమ తక్కువే.

దీని అర్థం రెండు ముక్కల్లో చెబుతాను. ఒకటి, ఈ నెలాఖరులో మలెనాడులో మళ్లీ గట్టిగా కురిస్తే ఆ నీటిని డ్యాంలో దాచే చోటు తక్కువ, కిందికి వదలాల్సిందే. కాబట్టి ఏటి ఒడ్డున మోటార్లు పెట్టినవాళ్లు మన ఊళ్లో ఎండ కాస్తోందని నిశ్చింతగా ఉండొద్దు. నీటి విడుదల కబురు వినగానే మోటారు పైకి లాక్కోండి. కంప్లి వంతెన మీదికి నీళ్లు రావడం మనకు కొత్తేమీ కాదు. రెండు, రెండో పంటకు నీళ్లు వస్తాయన్న లెక్కతో ఇప్పుడే అప్పులు, కౌలు ఒప్పందాలు చేసుకోవద్దు. నీటిపారుదల సలహా సమితి నిర్ణయం బయటికి వచ్చేదాకా ఆగండి. గేట్లు మార్చాలంటే నీటిమట్టం దించాలి కదా, ఆ మాత్రం మనకు అర్థం కాదా?

ఇక మూడో ఆకాశం. వాతావరణ శాఖ 2025 ఆగస్టు చివర్లో చెప్పిన అంచనా ప్రకారం ఆ సెప్టెంబర్‌లో దేశం మొత్తం మీద సగటులో 109 శాతానికి మించి వాన ఉంటుంది. మంచి మాటే. కానీ అది దేశం మొత్తానికి వేసిన సగటు. సంఘంలో అందరి జీతాల సగటు బాగుందంటే నా జేబు నిండినట్టు కాదు కదా.

ఇంకో వార్త కూడా తిరుగుతోంది, 2025 సెప్టెంబర్ 14 నుంచి నైరుతి వెనక్కి మళ్లిందని. దాన్ని చూసి "వానలు అయిపోయినట్టే" అని ఒకరు రాశారు. అది రాజస్థాన్ పడమటి కొసలో మొదలైన వెనకడుగు. దేశమంతా దాటిపోవడానికి మామూలుగా అక్టోబర్ 15 దాకా పడుతుంది. ఈ మధ్యలో బంగాళాఖాతంలో ఒక్క అల్పపీడనం లేస్తే చాలు, మన లెక్కలన్నీ మారతాయి. 2009 చూడండి. ఆ ఏడాది జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దేశంలో వాన 22 శాతం తక్కువ, అంటే పెద్ద కరువు. అదే ఏడాది సెప్టెంబర్ చివర్లో ఉత్తర కర్ణాటక, రాయలసీమ మీద కుండపోత. మంత్రాలయం మునిగింది, అక్టోబర్ 2న కర్నూలు ఊరికి ఊరే నీళ్లలో ఉంది. నాలుగు నెలల కరువు, నాలుగు రోజుల వరద ఒకే ఏడాదిలో. కాబట్టి హస్త కార్తె దాటేదాకా "అయిపోయింది" అని ఎవరూ రాయొద్దని నా మనవి.

గాలి తిరిగిందో లేదో తెలుసుకోవడానికి మన దగ్గర ఖర్చు లేని పరికరం ఒకటుంది, థర్మల్ స్టేషన్ పొగగొట్టం. ఈ మూడు నెలలూ పొగ తూర్పుకు వాలి ఉంది. అది నిలువుగా లేచిన రోజున పడమటి గాలి మెత్తబడిందన్నమాట, సాయంత్రం ఉరుముకు అవకాశం ఉంది. వరసగా కొన్నాళ్లు పడమటికి వాలడం మొదలైతే ఈశాన్య గాలి వచ్చేసింది, ఇక పెద్ద ఆశలు పెట్టుకోకూడదు. రోజూ దాని బూడిద గురించి తిట్టుకుంటాం, ఈ ఒక్క పనికైనా వాడుకుందాం.

పెద్దలు కొందరు, "ఇవన్నీ ఎందుకు, మనకు కార్తెలు లేవా?" అంటారని తెలుసు. ఉన్నాయి, నేనూ చూస్తాను. 13న ఉత్తర వచ్చింది, 27 దగ్గర హస్త వస్తుంది. "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్నారు. ఆ సామెతను జాగ్రత్తగా వినండి. వాన వస్తుందో రాదో అది చెప్పడం లేదు. ఉత్తర దాకా చూడు, అప్పటికీ లేకపోతే ఆశ మీద కూర్చోకుండా ఏదో ఒకటి తేల్చుకో అంటోంది. అంటే మన పెద్దలు నిర్ణయానికి గడువు పెట్టారు. గంప ఎత్తే రోజులు ఇప్పుడు లేవు గానీ గడువు మాత్రం అలాగే ఉంది. ఏ తేదీ దాటితే జొన్న మానేసి శనగకు పోవాలి, ఎంత తడి ఉంటే విత్తాలి అన్నది ముందే తేల్చుకున్నవాడికి ప్రతి స్క్రీన్‌షాట్‌కూ గుండె కొట్టుకోదు.

ఎంత తడి అన్నదాని మీద ఒక్క మాట. 2023లో మా చేన్లో పడింది పది పన్నెండు మిల్లీమీటర్లు ఉంటుందేమో, కొలవలేదు కాబట్టి ఇప్పుడు ఊహించుకోవడమే. ఎండి బీటలు తీసిన నల్లరేగడిలో అంత వాన రెండు మూడు అంగుళాలకు మించి దిగదు. పైన నల్లగా, మెత్తగా కనబడుతుంది, మనసు ఊగుతుంది. లోపల పొడి. మొలక పైతడి తాగి లేస్తుంది, వేరు కిందికి దిగేసరికి తాగడానికి ఏమీ ఉండదు. పలుగుతో ఒక చిన్న గుంత తవ్వి చూసుంటే ఆ రోజే తెలిసేది. రెండు నిమిషాల పని, చేయలేదు.

అందుకే సంఘానికి నా ప్రతిపాదన. మనం సొంతంగా వాన కొలుద్దాం. బూడిద దిబ్బ వైపు ఒకటి, దరోజి దారిలో ఒకటి, బళ్లారి రోడ్డు వైపు ఒకటి, మూడు వాన కొలిచే డబ్బాలు పెడదాం. ప్లాస్టిక్‌వి వందల రూపాయల్లో దొరుకుతాయి. అవి కూడా లేకపోతే నిటారు గోడలున్న ఏ డబ్బా అయినా సరే, చెట్టు నీడ లేని చోట పెట్టి స్కేలుతో కొలిస్తే పడిన వాన లోతు తెలుస్తుంది. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు, అంటే వాతావరణ శాఖ కొలిచే వేళకే, చూసి గ్రూపులో ఒక్క అంకె పెట్టాలి. వాన లేని రోజు సున్నా అని పెట్టాలి. సున్నా కూడా సమాచారమే. ఒక మిల్లీమీటరు వాన అంటే ఎకరాకు దాదాపు నాలుగు వేల లీటర్లు, ఒక చిన్న ట్యాంకరు. ఇలా చెబితే పిల్లలు కూడా ఆసక్తిగా కొలుస్తారు, బడికి పోయే పిల్లలకే ఈ పని అప్పజెబుదాం.

దీనికి ఒక మంచి అభ్యంతరం ఉంది. రాష్ట్ర విపత్తు పర్యవేక్షణ కేంద్రం వాళ్లు గ్రామ పంచాయతీ స్థాయిలో యంత్రాలు పెట్టారు, వరుణ మిత్ర సహాయవాణికి ఫోన్ చేస్తే చెబుతారు, ఇంకా మనదెందుకు అని. నిజమే, వాళ్ల పని గొప్పది, తప్పక వాడుకోండి. దేశంలో చాలా రాష్ట్రాలకు ఆ సౌకర్యం లేదు. కానీ నేను చెప్పిన సాయంత్రపు మబ్బు రెండు యంత్రాల మధ్య సందులోంచి కూడా పోగలదు. ఇంకోటి, మనం కళ్లతో చూసి చేత్తో కొలిచిన అంకె మీద నమ్మకం వేరు. మూడు నాలుగేళ్లు రాసి పెట్టుకుంటే బీమా గురించి గానీ, కరువు గురించి గానీ ఆఫీసుకు పోయి మాట్లాడేటప్పుడు మన చేతిలో ఒక కాగితం ఉంటుంది. ఉత్త చేతులతో పోయి "వాన లేదు సార్" అనడం ఎన్నాళ్లు?

డబ్బు సంగతి అడుగుతారు. దసరా స్టేజీ లైటింగుకు ఏటా పెట్టే దాంట్లో చిన్న ముక్క చాలు. లైట్లు మానేయమని నేను అనను, పండగ పండగే. ఒక వరస తగ్గిద్దాం.

డబ్బాలతో పాటు గ్రూపులో ఒక కట్టుబాటు కూడా కావాలి. వాన కబురు పెట్టేవాళ్లు మూడు విషయాలు రాయకుండా పెట్టొద్దు: ఏ తేదీ కబురు, ఏ ప్రాంతానిది, ఎన్ని చోట్ల అన్నారు. డ్యాం వీడియో పెడితే నిల్వ ఎంత, వస్తున్నది ఎంత, వదులుతున్నది ఎంత అని కింద రాయాలి. పిడుగుల కబురుకు మాత్రం ఈ నియమం వద్దు, అది వెంటనే పెట్టండి. సెప్టెంబర్ మబ్బులో వాన కంటే ముందు పిడుగు వస్తుంది. దామిని యాప్ ఉన్నవాళ్లు పక్క చేను వాళ్లకు ఒక కేక వేయండి. మేకలు కాసే పిల్లలు చెట్టు కిందికి పరుగెత్తకుండా చూడండి.

నేను ఎవరినీ తప్పు పట్టడానికి రాయలేదు. మొదటి తప్పు నాది, పైన ఒప్పుకున్నాను. సంఘం అంటే దండలు, ఫొటోలు, చందాలే కాదు, ఒకరి మాట నమ్మి ఇంకొకరు విత్తనం వేసే చోటు కూడా. ఆ నమ్మకం ఉన్నప్పుడు మన వేలు ఫార్వర్డ్ బటన్ మీద పడే ముందు ఒక్క నిమిషం ఆగాలి.

మహాలయ అమావాస్య లోపల మనం ఎటూ మీటింగు పెట్టుకుంటున్నాం కదా, అందులో ఈ విషయం పెట్టమని కార్యదర్శి గారిని కోరుతున్నాను. దరోజి దారిలో డబ్బా నా చేను గట్టు మీదే పెడతాను, దాని ఖర్చు నాది. మిగతా రెండింటికి ఎవరు ముందుకొస్తారో కింద రాయండి. ఒప్పుకోని వాళ్లు కూడా రాయండి, కోపం ఏమీ లేదు.

ఈలోగా ఇంట్లో ఉన్న ఒక స్టీలు డబ్బాతో మొదలుపెట్టాను. ఈ పొద్దున ఎనిమిదిన్నరకు చూస్తే మూడు మిల్లీమీటర్లు. జొన్న విత్తనం గోతం ఇంకా విప్పలేదు.